పదకొండు కిలోల మూడువందల యాభై

సైబర్ క్రైమ్ ఆఫీసు మెట్లెక్కుతుండగానే డిటెక్టివ్‌కి కడుపులో మంట మొదలైంది. ఆకలి వల్ల కాదు. మెట్ల పక్కన గోడ మీద ఉత్తమ అధికారుల ఫొటోలు వరసగా తగిలించి ఉన్నాయి. వాటిలో మూడోది ఆమె తోడికోడలిది. అదే ఫొటో ఇంట్లో హాల్లో, టీవీ పైన, దీనికి రెట్టింపు సైజులో ఉంది. రోజూ కాఫీ తాగుతూ చూడక తప్పని ముఖాన్ని పనిమీద వచ్చినచోట కూడా చూడాల్సి రావడం ఏ జన్మలో చేసుకున్న పాపమో అనుకుంటూ మిగతా మెట్లు తల వంచుకునే ఎక్కింది.

ఆ ఇంటికి ఇద్దరు కోడళ్ళు. పెద్దకోడలు ప్రైవేట్ డిటెక్టివ్. బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుని పట్టుకుని, పట్టుకున్నందుకు చీవాట్లు తిని తిని, చివరికి సొంతంగా బోర్డు పెట్టుకుంది. చిన్నకోడలు సైబర్ క్రైమ్ ఇన్‌స్పెక్టర్. చిన్నకోడలి మెడల్ అద్దాల బీరువాలో ఉంది. పెద్దకోడలి విజిటింగ్ కార్డు నాలుగు మడతలు పడి, ఊగే భోజనాల బల్ల కాలి కింద ఉంది. పెట్టింది అత్తగారే. గట్టి అట్ట, చక్కగా ఆనిందని మెచ్చుకుంది కూడా.

ఇవాళ్టి కేసు చీమది. చీమ అంటే పురుగు కాదు, మనిషి. ముప్ఫై దాటిన ఇల్లాలు, ఒక కంపెనీలో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం, మూడేళ్ళు నిండని కూతురు. ఉద్యోగానికి పోగా మిగిలిన కాస్త టైములో, పైసా తీసుకోకుండా, ఇంకో ప్రోగ్రాముకి చాకిరీ చేస్తుంది. దాని పేరు 'కొలత'. చిన్న ఆసుపత్రుల్లో పసిపిల్లలకి పంపుతో మందు ఎక్కించేటప్పుడు, బిడ్డ బరువుని బట్టి ఎంత మందు వెళ్ళాలో ఆ ప్రోగ్రాము లెక్కకట్టి పంపుకి చెబుతుంది. దాన్ని మొదలుపెట్టిన పెద్దమనిషిని అందరూ మాస్టారు అంటారు. రాసేవాళ్ళు, వాడే ఆసుపత్రులవాళ్ళు కలిసి కొన్ని వందలమంది. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. మాటలన్నీ ఒక మెయిలింగ్ లిస్టులోనే. దానికి ఒకటే అడ్రసు. ఆ అడ్రసుకి ఎవరు మెయిలు పంపినా లిస్టులో ఉన్న ప్రతివాళ్ళకీ తలా ఒక కాపీ పోతుంది. ఆ పంపిణీ చేసే కంప్యూటరు మాస్టారి ఇంట్లో ఉంటుంది. ఆ లిస్టులో చీమ అనే మారుపేరుతో రాస్తుంది కాబట్టి ఆమె అందరికీ చీమే అయింది.

శుక్రవారం సాయంత్రం ఒక నర్సింగ్ హోములో ఒక పసివాడికి పదింతలు మందు ఎక్కింది. ఇవాళ సోమవారం, ఇంకా స్పృహ రాలేదు. శనివారం పొద్దున్న మాస్టారు లిస్టుకి రాశాడు. బరువులో దశాంశం ఉంటే ప్రోగ్రాము తప్పు లెక్క కడుతోందని, తను కనిపెట్టానని, ఇదిగో సవరణ అని. తర్వాత ముప్పావుగంటకి చీమ మెయిలు వచ్చింది. అదే తప్పు, అదే సవరణ. పైగా ప్రోగ్రాములో ఆ ముక్క రాసింది చీమే. పోలీసులకి ఇంకేం కావాలి? తప్పు తనదేనని ముందే తెలిసీ దాచిపెట్టింది, పిల్లాడి ప్రాణం మీదికి వచ్చాక మాస్టారిని చూసి కాపీకొట్టి చేతులు దులుపుకుంది అన్నారు. ఇవాళ తెల్లారేసరికి వచ్చి ఫోనూ ల్యాప్‌టాపూ పట్టుకుని, ఆమెని జీపెక్కించారు. ఆమె భర్త కూతుర్ని చంకనేసుకుని డిటెక్టివ్ ఇంటి తలుపు తట్టాడు. నిజానికి కింద వాటాలో ఉన్న ఇన్‌స్పెక్టర్ని బతిమాలుకుందామని వచ్చాడు. ఆవిడ లేకపోతే పైకి ఎక్కాడు. ఆ సంగతి డిటెక్టివ్ మర్చిపోలేదు.

వరండాలో బెంచీ మీద చీమతో పది నిమిషాలు మాట్లాడనిచ్చారు. మనిషి ఏడవడం లేదు. ఏడుపు అయిపోయిన ముఖంతో, అడిగినదానికి అడిగినంతే చెప్పింది.

గురువారం పొద్దున్న కూతురికి టీకా వేయించడానికి తీసుకెళ్ళింది. అక్కడ బరువు చూశారు. పదకొండు కిలోల మూడువందల యాభై గ్రాములు. మొన్నటి కన్నా పెరిగిందని మురిసిపోయి, ఆఫీసుకి వెళ్ళాక ఆ అంకెని సరదాకి 'కొలత'లో కొట్టింది, తన పాపకైతే ఎంత మందు రాస్తుందో చూద్దామని. వచ్చిన అంకె నమ్మలేక మళ్ళీ కొట్టింది. పిల్లని చంపేంత మందు చూపిస్తోంది. తను రాసిన ముక్కలోనే తప్పు. భోజనం మానేసి కూర్చుని, తప్పు తనదేనని ఒప్పుకుంటూ, పాప బరువునే ఉదాహరణగా వేసి, సవరణతో సహా లిస్టుకి పంపింది.

"గురువారం పంపితే శనివారం దాకా ఎందుకు చేరలేదమ్మా?" అంది డిటెక్టివ్.

"నావి ఎప్పుడూ ఆలస్యంగానే చేరతాయండీ. లిస్టు పెద్దది కదా, లైన్లో ఉంటాయనుకున్నాను."

"ఎప్పుడూనా?"

"ఏడాదిగా అంతే. నాది చేరేలోపు మాస్టారు అదే సంగతి రాసేసి ఉంటారు. ఆయన బుర్ర అలాంటిది. నాకు రెండ్రోజులు పట్టేది ఆయనకి చిటికెలో తడుతుంది." ఆ మాట అంటున్నప్పుడు ఆ అలిసిపోయిన కళ్ళల్లో భక్తి కనిపించింది.

డిటెక్టివ్ పెన్ను ఆగిపోయింది. ఏడాది పొడుగునా ఒకామె రాసిందే ఇంకొకాయన ముందు రాయడం తెలివితేటల పని అయ్యుండదని బీమా కంపెనీలో మొదటి నెల పనిచేసినవాళ్ళకి కూడా తెలుసు.

కానిస్టేబుల్ టైమైందన్నాడు. చీమ లేచి రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. నిన్న రాత్రి ఇంకో మెయిలు కూడా పంపానని, ఫోను లేదు కాబట్టి అది లిస్టుకి చేరిందో లేదో కాస్త చూడమని, అదీ ముఖ్యమేనని చెప్పింది. చూద్దాంలే అమ్మా, ముందు గురువారం సంగతి తేలనీ అని డిటెక్టివ్ ఆమె భుజం తట్టి పంపింది. ఆమె మనసప్పటికే ఇన్‌స్పెక్టర్ గది తలుపు దగ్గర ఉంది.

"రా అక్కా, కూర్చో. కాఫీ చెప్పనా?" అంది ఇన్‌స్పెక్టర్. ఇస్త్రీ మడత నలగని యూనిఫాం. ఇంట్లో ఆ ఇస్త్రీ కూడా అత్తగారే చేస్తుంది. డిటెక్టివ్ బట్టల వైపు ఆవిడ ఎప్పుడూ చెయ్యి పోనివ్వలేదు.

కాఫీ వద్దంది డిటెక్టివ్. చీమ గురువారమే పంపానంటోంది కదా అని మొదలుపెట్టింది. ఇన్‌స్పెక్టర్ నవ్వి, పంపినవాళ్ళ కంప్యూటర్లో గడియారం వెనక్కి తిప్పుకుంటే మెయిలు మీద ఏ తేదీ కావాలంటే ఆ తేదీ పడుతుందని, చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతేనని చెప్పింది. లిస్టు పాత మెయిళ్ళన్నీ మాస్టారు స్వయంగా పెన్‌డ్రైవులో ఇచ్చాడు. అందులో చీమ మెయిలు శనివారం కిందే ఉంది. ఆసుపత్రులన్నిటికీ ఫోన్లు చేసి, మాస్టారి సవరణ వేసుకుని పంపులు వాడుకోమని చెప్పడం కూడా అయిపోయింది. మాస్టారు దేవుడులాంటి మనిషని, ఐదింటికి విలేకరుల ముందు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని కేసు వివరాలు చెబుతానని అంది.

"ఆయన ఇచ్చిన దాంట్లో తేదీ, పేరు, విషయం, అంతేనా? ఇంకేం లేవా?" అంది డిటెక్టివ్ అమాయకంగా.

"అంతకన్నా ఏం కావాలక్కా? నువ్వు బీమా కాగితాలు చూసిన అలవాటుతో ప్రతిదాంట్లో దొంగసంతకం వెతుకుతావు." ఇన్‌స్పెక్టర్ ఫైలు మూసింది. "అన్నట్టు ఐదింటికి టీవీ పెట్టుకోమని అత్తయ్యకి చెప్పాను. నువ్వు ఇంటికెళ్తే ఆ రిమోట్లో బ్యాటరీలు ఒకసారి చూడు, ప్లీజ్."

డిటెక్టివ్ ఒళ్ళు భగ్గుమంది. ప్రతి మెయిలుకీ పైన కనపడని నాలుగు వరసలు ఉంటాయి. ఏ కంప్యూటర్లోకి ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు బయల్దేరింది అని తపాలా ముద్రల్లా పడతాయి. అవి పంపినవాళ్ళ గడియారం చూసి పడవు, మోసిన కంప్యూటర్ల గడియారం చూసి పడతాయి. మాస్టారి పెన్‌డ్రైవులో అవి లేవు. ఆ మాట అక్కడే, అప్పుడే, నోరు విప్పి చెప్పవచ్చు. డిటెక్టివ్ చెప్పలేదు. బ్యాటరీలు చూస్తానులే అని మాత్రం చెప్పి వచ్చేసింది.

రోడ్డు దాటి, జిరాక్స్ షాపులో స్టూలు మీద కూర్చుని, ఆ నర్సింగ్ హోముకి ఫోన్ చేసింది. హెడ్ నర్సు మాట్లాడింది. తమ దగ్గర ఒక పద్ధతి ఉందని, పొద్దున్న లిస్టులో వచ్చిన మెయిళ్ళు చదవనిదే ఏ నర్సూ పంపు ముట్టుకోదని చెప్పింది. చీమ రాసింది గురువారమే వచ్చి ఉంటే శుక్రవారం ఆ పంపు గోడకే ఉండిపోయేదని, ఆ పిల్లాడు ఈపాటికి ఇంటికి వెళ్ళిపోయేవాడని అంది. శనివారం తమకి చేరిన రెండు మెయిళ్ళనీ పైన వరసలతో సహా పంపడానికి ఒప్పుకుంది.

నర్సు పంపిన మెయిళ్ళని షాపువాడు ప్రింటు తీసి ఇచ్చాడు. చీమ మెయిలు మాస్టారి కంప్యూటరు గడపలోకి వచ్చింది గురువారం ఒంటిగంటకి. గడప దాటి బయటికి వెళ్ళింది శనివారం పదిన్నర దాటాక. రెండు రోజులు ఆ ఇంట్లోనే కూర్చుంది. కంప్యూటరు పాడైందా అంటే అదీ కాదు. శుక్రవారం వేరేవాళ్ళు రాసినవి నాలుగు, ఎక్కడా ఆగకుండా దూసుకుపోయాయని హెడ్ నర్సే చూసి చెప్పింది. ఆగింది చీమది ఒక్కటే.

అంతకన్నా రుచికరమైనది రెండో కాగితంలో ఉంది. మాస్టారి మెయిల్లో, తప్పు ఎలా బయటపడుతుందో చూపిస్తూ ఒక ఉదాహరణ వేశాడు. బిడ్డ బరువు పదకొండు కిలోల మూడువందల యాభై గ్రాములు అనుకుందాం అని మొదలుపెట్టాడు.

డిటెక్టివ్ ఆ వరసని రెండుసార్లు చదివి, స్టూలు మీద నుంచి లేచి, కారణం లేకుండా షాపువాడికి థాంక్స్ చెప్పింది. గోడ గడియారంలో పన్నెండు కావస్తోంది. రోడ్డు దాటితే అవతల సైబర్ క్రైమ్ ఆఫీసు. రెండు కాగితాలూ బల్ల మీద పడేస్తే ఐదు నిమిషాల్లో చీమ ఇంటికి వెళ్ళిపోతుంది.

వెళ్ళిపోతుంది సరే, తర్వాత ఏం జరుగుతుందో డిటెక్టివ్‌కి అరచేతిలో గీతలా తెలుసు. అయ్యో, థాంక్స్ అక్కా అని ఆ కాగితాలు ఫైల్లో పెట్టుకుని, ఐదింటికి విలేకరుల ముందు మా దర్యాప్తులో తేలిందేమిటంటే అని చిన్నది మొదలుపెడుతుంది. అత్తగారు టీవీ ముందు చేతులు జోడిస్తుంది. పోయినేడు దొంగ లోన్ల కేసులో జరిగింది సరిగ్గా అదే. ఆ మెడలే ఇప్పుడు బీరువాలో ఉంది. ఈసారి అలా కుదరదు. ఐదింటికి, అందరూ కూర్చున్నాక, కెమెరాలు వెలిగాక, వెనక వరసలో నుంచి లేచి ఒక్క ప్రశ్న అడుగుతుంది: మాస్టారూ, ఆ పదకొండు కిలోల మూడువందల యాభై ఎవరి బరువు? చిన్నదాని ముఖం అప్పుడు చూడాలి. ఆ ముఖం అత్తగారు కూడా చూడాలి. బ్యాటరీలు కొత్తవి కొని ఇంటికి పంపించినా తప్పులేదు.

దానికి ముందు మాస్టారి నోటితో ఒకటి రెండు మాటలు పలికించుకుంటే కేసుకి బిగువు వస్తుంది. తొందరేం లేదు. దారిలో ఒక హోటల్లో తీరిగ్గా భోంచేసింది. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నట్టనిపించింది.

మాస్టారి ఇంటి గుమ్మం ఎక్కేసరికి మూడు దాటింది. తలుపు తీసింది ఆయన భార్య. తెల్లబడిన జుట్టుని ముడివేసుకున్న, నెమ్మదైన మనిషి. లోపల గదిలో మాస్టారు గోడవారగా ల్యాప్‌టాపు ముందు కూర్చుని గబగబా ఏదో టైపు చేస్తున్నాడు. అడుగుల చప్పుడు వినగానే మూత సగం దించాడు. పూర్తిగా మూయలేదని డిటెక్టివ్ చూసింది. మూయలేదంటే ఆ రాస్తున్నది ఇంకా అవసరమన్నమాట.

గది చిన్నది. ఒక మూల ఇనుప బీరువా మీద, అట్టపెట్టెంత కంప్యూటరు ఒకటి ఫ్యాను రొదతో తిరుగుతోంది. లిస్టు నడిపేది అదే. దాని మీద దుమ్ములేదు. పక్కన ల్యాప్‌టాపు బల్ల మీద మూడంగుళాల దుమ్ముంది. ఏది ముద్దో తెలుస్తూనే ఉంది. గోడకి ఒక ఫ్రేములో 'కొలత' మొదటి పేజీ కాగితం వేలాడుతోంది. రచయిత అని ఉన్నచోట మాస్టారి పేరుంది. ఆ పేరు పక్కన ఇంకో పేరు పట్టేంత ఖాళీ, ఏదో అతికించి పీకేసినట్టు గరుకుగా ఉంది.

డిటెక్టివ్ లిస్టు గురించి మామూలుగా అడిగింది. మాస్టారు ఉత్సాహంగానే చెప్పాడు. లిస్టులో కొత్తగా చేరినవాళ్ళ మెయిలు నేరుగా అందరికీ వెళ్ళదు. ఆగుతుంది. తను తెరిచి చూసి, పనికొచ్చేదైతే వదులుతాడు. చెత్త రాకుండా ఆ ఏర్పాటు. నాలుగు మంచి మెయిళ్ళు రాశాక ఆ మనిషి పేరు పక్కనున్న టిక్కు తీసేస్తే ఇక ఆగవు.

"చీమ పేరు పక్కన టిక్కు తీశారా?"

"మర్చిపోయినట్టున్నాను" అన్నాడు మాస్టారు.

"ఏడాది పాటు మర్చిపోయారు. ఆ ఏడాదిలో ఆమె రాసిన ప్రతి మెయిలూ మీ చేతిమీదుగా పోయింది. మరి తీయాలని ఒక్కసారీ గుర్తురాలేదా?"

ఆగిన మెయిళ్ళ పేజీ రోజూ చూడనన్నాడు. గురువారం, శుక్రవారం అసలు తెరవలేదన్నాడు. శనివారం తన సవరణ పంపాక తెరిచి చూస్తే చీమది కనిపించిందని, పాపం అని వదిలానని చెప్పాడు. అబద్ధాన్ని ఇంత ఓపిగ్గా అల్లేవాళ్ళని డిటెక్టివ్ బీమా కంపెనీలో చాలామందిని చూసింది. ఐదింటి దాకా దాచుకోవాలనుకున్న ప్రశ్న నాలిక చివరికి వచ్చేసింది. ఇక్కడ ఒకసారి అడిగి చూస్తే, అక్కడ ఎలా అడగాలో తెలుస్తుంది కదా అనుకుంది.

"మీ మెయిల్లో ఉదాహరణగా ఒక బిడ్డ బరువు వేశారు. ఎవరి బరువండీ అది?"

"ఎవరిదేమిటి? ఏదో ఒక అంకె వేశాను."

"పది వేయొచ్చు. పన్నెండున్నర వేయొచ్చు. పదకొండు కిలోల మూడువందల యాభై గ్రాములే ఎందుకు తట్టింది?" డిటెక్టివ్ రెండు కాగితాలూ ఆయన ముందు పరిచింది. "గురువారం పొద్దున్న ఆ బరువు తూగిన పాప ఒకతె ఉంది మాస్టారూ. చీమ కూతురు. ఆ అంకె ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఆమె మెయిల్లో ఉంది. మీరు ఆపిపెట్టిన మెయిల్లో."

మాస్టారు కాగితాల వైపు చూడలేదు. గోడ మీద ఫ్రేము వైపు చూశాడు. మాట్లాడటం మొదలుపెట్టాక మాత్రం ఆగలేదు. ఆ గొంతులో పశ్చాత్తాపం కన్నా ఉక్రోషమే ఎక్కువగా ఉంది.

"పన్నెండేళ్ళు రాశాను. ఎవడూ బాగుందని ఒక్క మాట అనలేదు, పనిచేయకపోతే మాత్రం తిట్టారు. ఆ పిల్ల వచ్చి మొదటి మెయిలు రాస్తే పధ్నాలుగు మంది థాంక్స్ చెప్పారు. లెక్కపెట్టాను. తర్వాత ఎవరికి ఏ సందేహమొచ్చినా, చీమ ఏమంటుందో చూద్దాం అనేవాళ్ళు. నా లిస్టులో, నా ఇంట్లో తిరిగే కంప్యూటర్లో. నేనేం ఆమెని తరిమేయలేదే? ఒక గంట, ఒక పూట వెనక నడవమన్నాను. ఆ గురువారం మెయిలు చూసి, సొంతంగా సరిచూసుకుని శనివారం రాద్దామనుకున్నాను. మధ్యలో శుక్రవారం ఆ పిల్లాడికి అలా అవుతుందని నేను కలగన్నానా?"

అది చాలు. డిటెక్టివ్ గుండెలో గంటలు మోగాయి. ఐదింటికి ఇదే మాట ఇదే గొంతుతో వస్తే చిన్నకోడలి కుర్చీ కాళ్ళు విరిగినట్టే. ఫోను జేబులో రికార్డు చేస్తోందో లేదో తడిమి చూసుకుంది. చేస్తోంది. కాగితాలు మడుస్తూ లేవబోయింది.

అప్పుడు గుమ్మంలో నుంచి మాస్టారి భార్య లోపలికి వచ్చింది. ఇంతసేపూ అక్కడే నిలబడి ఉందని ఇద్దరూ గమనించలేదు.

"నాకు కూడా థాంక్స్ చెప్పేవాళ్ళు, మొదట్లో" అంది ఆవిడ భర్తతో, కూర వండానని చెప్పినంత మామూలుగా. "ఆ ఫ్రేములో నా పేరు కూడా ఉండేది. లిస్టు పెట్టింది నేనే. అప్పుడు నేను పెట్టిన పాస్‌వర్డే ఇప్పటికీ ఉంది, మార్చడానికి కూడా మీకు తీరలేదు." తర్వాత డిటెక్టివ్ వైపు తిరిగింది. "ఈయన పొద్దున్నుంచి అన్నం తినకుండా ఏం రాస్తున్నారో చూశారా?"

మాస్టారు చెయ్యి అడ్డం పెట్టబోయాడు. ఆవిడ ఆ చేతిని పక్కకి జరిపి మూత ఎత్తింది. తెర మీద సగం రాసిన మెయిలు ఉంది. 'మిత్రులారా, నా సవరణని మళ్ళీ పరిశీలిస్తుండగా మరొక విషయం నా దృష్టికి వచ్చింది' అని మొదలైంది. ఆవిడ ఇంకో పేజీ తెరిచి పాస్‌వర్డు కొట్టింది. అనుమతి కోసం ఆగి ఉన్న మెయిళ్ళు: ఒకటి. పంపినవారు: చీమ. వచ్చింది ఆదివారం రాత్రి.

నిన్న రాత్రి ఇంకోటి కూడా పంపానండీ. చూస్తారా? అదీ ముఖ్యమే. వరండాలో చీమ వెనక్కి తిరిగి అన్న మాట.

డిటెక్టివ్ నిలబడే చదివింది. తనదీ మాస్టారిదీ ఒకటే అయిన ఆ సవరణ సగమే పనిచేస్తుందని చీమ రాసింది. పంపు మొదటిసారి పెట్టేటప్పుడు లెక్క సరిగ్గానే వస్తుంది. పంపు నడుస్తుండగా మధ్యలో డోసు మారిస్తే మాత్రం పాత తప్పే మళ్ళీ వచ్చి పదింతలు ఎక్కుతుంది. దయచేసి ఎవరూ మధ్యలో మార్చకండి, పంపు ఆపి మొదటి నుంచి పెట్టండి, ఇది చదివినవాళ్ళు పక్కవాళ్ళకి చెప్పండి అని ఉంది.

ఆసుపత్రులన్నీ ఆ సగం సవరణ వేసుకుని ఉన్నాయి. ధైర్యంగా వాడుకోమని పోలీసులే ఫోన్లు చేసి చెప్పారు.

గోడ గడియారం నాలుగుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. తెలిసింది దాచుకుని ఐదు దాకా ఆగడం ఎంత అసహ్యంగా ఉంటుందో, అలాంటిదే ఎదుటివాడి తెర మీద కనపడ్డాక డిటెక్టివ్‌కి తెలిసింది.

"వదలండి" అంది.

మాస్టారి భార్య అప్పటికే నొక్కేసింది. మూలనున్న కంప్యూటరు రొద ఒక్కసారి పెరిగి తగ్గింది. వందలమందికి తలా ఒక కాపీ పోయింది. కానీ ఈ టైములో ఎవరు మెయిలు చూస్తారు? పొద్దున్న చూసేవాళ్ళు రేపు పొద్దున్న చూస్తారు. ఆసుపత్రుల ఫోన్ నంబర్లన్నీ ఒక్కచోట ఉన్నది ఒక్కరి దగ్గరే. డిటెక్టివ్ ఇంకా రికార్డు చేస్తున్న ఫోను జేబులోంచి తీసి, స్పీకరు పెట్టి ఆ నంబరు నొక్కింది.

"చెప్పక్కా. బ్యాటరీలు దొరికాయా?"

డిటెక్టివ్ ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. ఆగిన మెయిళ్ళు, తపాలా ముద్రలు, పాప బరువు, సగం సవరణ, మధ్యలో డోసు మార్చకూడదన్నది, అన్నీ. "ఇప్పుడే అన్ని ఆసుపత్రులకీ ఫోన్లు చేయించు. నీ పేరు మీదే చెప్పు, నువ్వే కనిపెట్టానని చెప్పుకో, నాకేం వద్దు. ముందు చెప్పించు."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, ఆ వెంటనే ఇన్‌స్పెక్టర్ గొంతు. అది అక్కా అనే గొంతు కాదు. నువ్వు ఈ పేజీ, నువ్వు ఆ పేజీ, పంపు ఆపమను, కారణం తర్వాత చెప్పు, ఎత్తకపోతే జీపు పంపు అని వరసగా పంచేస్తోంది. ఎవరో మేడమ్ విలేకరులు వచ్చేశారు అంటే, వాళ్ళని పొమ్మను అని కసిరింది. డిటెక్టివ్ ఆ గొంతు వింటూ నిలబడింది. ఇంత బాగా పనిచేస్తుందని తెలిసే కదా ఇన్నాళ్ళూ తన ఒళ్ళు మండింది.

ల్యాప్‌టాపు టింగుమంది. లిస్టుకి ఒక జవాబు వచ్చింది. మాస్టారి భార్య కళ్ళద్దాలు సర్దుకుని పైకి చదివింది. ఏదో ఆసుపత్రి నుంచి. తమ దగ్గర ఒక పాపకి పొద్దున్నుంచి పంపు నడుస్తోందని, రెండు గంటలకి డాక్టరు చెబితే డోసు మార్చామని, ఈ మెయిలు చూసి ఇప్పుడే ఆపేశామని, పాప పిలిస్తే పలకడం లేదని, ఏం చేయాలో ఎవరైనా చెప్పండని రాశారు.

ఆవిడ చదవడం ఆపేసింది. డిటెక్టివ్ ఆసుపత్రి పేరు ఫోన్లో చెప్పింది. పిల్లల డాక్టర్ని వెంటపెట్టుకుని వెళ్ళమని ఇన్‌స్పెక్టర్ ఎవరికో అరిచి చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"అక్కా, ఒక్కటి చెప్పు. కేసు డైరీలో రాయాలి. ఆ బరువు సంగతి నీకు ఎన్నింటికి తెలిసింది?"

జిరాక్స్ షాపులో గోడ గడియారం. రోడ్డు అవతల ఆఫీసు. పన్నెండు కూడా కాలేదు. అప్పుడు చెప్పి ఉంటే చిన్నది పన్నెండుంపావుకల్లా ఈ గదిలో ఉండేది, ఆ పేజీ తెరిచేది. రెండు గంటలకి ఆ పాప డోసు ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. ఆ రెండు గంటలప్పుడు డిటెక్టివ్ హోటల్లో చెయ్యి కడుక్కుంటోంది.

"అక్కా? వినపడుతోందా? ఎన్నింటికి?"

డిటెక్టివ్ మడిచిన కాగితాలని ఇంకో మడత పెట్టింది. కుర్చీలో కూలబడి ఉన్న మాస్టారు మెల్లిగా తలెత్తాడు. ఆమె జేబులో ఫోనుతో రికార్డు చేసిందని, కాగితాలు మడిచి ఐదింటికని దాచుకుందని అంతా ఇప్పుడే అర్థమైనట్టుంది. ఆమె ఆ ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి, భయం లేకుండా, తన మనిషిని చూసినట్టు ఆమె వైపు చూశాడు.